మాస్టర్ బటన్ ఎవరి చేతిలో?

వినాయక చవితి దగ్గర పడిందంటే మా గార్లదిన్నె చుట్టుపక్కల ఊళ్ళల్లో ఒకటే పంచాయితీ. నిమజ్జనానికి డీజే పెట్టాలా, తప్పెట్లు పిలవాలా? కుర్రోళ్ళు డీజే అంటారు, పెద్దోళ్ళు తప్పెట్లంటారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే జిల్లా మాది. శనక్కాయ పంట దెబ్బతిన్న ఏడాది చందాలు కూడా అంతంతమాత్రమే. ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోతుంది. ఆ ఒక్కటి ఏదవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

రెండూ పిలిచిన ఊళ్ళల్లో ఇంకో తమాషా. ముందు తప్పెట్లు నడుస్తాయి, వెనక ట్రాక్టరు ట్రాలీ మీద బాక్సులు, జనరేటరు, డీజే అన్న. పాట మొదలైతే తప్పెట్లోళ్ళు చేతులు కట్టుకొని నిలబడతారు. పాటకీ పాటకీ మధ్య సందు దొరికితే వాయిస్తారు. రెండూ ఒకేసారి మోగితే అది కొట్లాటే. డీజే అన్న వాల్యూమ్ పెంచుతాడు, తప్పెట అన్న ఇంకా గట్టిగా కొడతాడు, చివరికి ఎవరు గెలుస్తారో వాట్లే తేలుస్తాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. "డీజేనా, తప్పెటా" అన్నది మనం అడగాల్సిన ప్రశ్న కాదు. తాళం ఎవరిది, ఎవరు ఎవరి వెనక నడవాలి అన్నది అడగాలి. దానికి జవాబు కొంతవరకు శాంప్లర్ వెనకాల ఉన్న ఒక చిన్న సాకెట్‌లో ఉంది. ఆ సాకెట్ గురించి ఈ సాహిత్య పత్రికలో ఎందుకంటారా? తాళం, గతి, లయ అనే మాటలు మన భాషవి కాబట్టి. వాటిని క్లాక్, సింక్, టెంపో అని పాఠాల్లో చదువుకునేది కూడా మనమే కాబట్టి.

ముందు శాంప్లర్ సంగతి. ఆర్కెస్ట్రాల్లో "ప్యాడ్స్" అంటామే, రోలాండ్ కంపెనీ 1985లో ఆక్టాప్యాడ్ తెచ్చినప్పటి నుంచి మన స్టేజీల మీద పాతుకుపోయింది ఆ జాతి వాయిద్యం. దానికి దగ్గరి చుట్టమే శాంప్లర్. తేడా ఏంటంటే, ఇందులో శబ్దం మనదే. మన ఊరి తప్పెట దెబ్బని రికార్డు చేసి ఒక ప్యాడ్‌లో పెట్టుకోవచ్చు, వేలు పెడితే అదే మోగుతుంది. రోజర్ లిన్ డిజైన్ చేసిన అకాయ్ ఎంపీసీ 60 వచ్చింది 1988లో. ఈరోజు ఎంపీసీలు, రోలాండ్ ఎస్పీ 404 మార్క్ 2 లాంటివి లాప్‌టాప్ అవసరం లేకుండా వాటంతట అవే పనిచేస్తాయి.

ఇక్కడ ఒక విషయం గుర్తు పెట్టుకోవాలి. ప్యాడ్ కొడితే ఒక్క దెబ్బ మోగి ఆగిపోయే శబ్దానికి సింక్ అక్కర్లేదు. అక్కడ తాళం కొట్టేవాడి వేలిలోనే ఉంటుంది. చిక్కు వచ్చేది లూప్‌తో, అంటే రెండు మూడు ఆవర్తాల వాయింపు తనంతట తాను తిరుగుతూ ఉండే దానితో. ఆ లూప్ శాంప్లర్‌లో ఉన్న గడియారాన్ని బట్టి తిరుగుతుంది. పక్కన ప్లేయర్‌లో మోగే పాటకి వేరే వేగం ఉంది. రెండు గడియారాలు, రెండు టైములు.

తేడా ఎంత ఉంటే చెవికి తెలుస్తుందో లెక్క వేద్దాం. పాట నిమిషానికి 120 దెబ్బలు, లూప్ 121 అనుకోండి. ఒక్కటే కదా తేడా అనిపిస్తుంది. కానీ అరనిమిషం తిరిగేసరికి లూప్ సరిగ్గా అర దెబ్బ ముందుకు పోతుంది. అంటే పాటలో "ధిం" పడే చోట లూప్‌లో ఖాళీ, పాటలో ఖాళీ ఉన్న చోట లూప్‌లో "ధిం". అందుకే మామూలుగా మన డీజేలు శాంప్లర్‌ని హారన్ శబ్దాలకీ, తమ పేరు అరిపించుకోవడానికీ తప్ప దేనికీ వాడరు. వాళ్ళ తప్పేం లేదు. రెండు యంత్రాలని కలిపే వైరు ఎవరూ పెట్టలేదు, అంతే.

కలపడానికి దారులు మూడున్నాయి. ఇవి మూడు టెక్నాలజీలే గానీ, నాకు మాత్రం మూడు రకాల పెత్తనాల్లాగా కనిపిస్తాయి.

మొదటిది మిడి క్లాక్. 1983లో వేర్వేరు కంపెనీల వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలని పెట్టుకున్న ఒప్పందమే మిడి. దాని వెనక ఉన్న ఇద్దరు, అమెరికాలో డేవ్ స్మిత్, జపాన్‌లో రోలాండ్ స్థాపకుడు ఇకుతారో కకేహాషి, పోటీ కంపెనీలవాళ్ళు. 2013లో ఇద్దరికీ కలిపి టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. మిడి క్లాక్ చేసే పని చాలా చిన్నది. ఒక్కో దెబ్బకి 24 టిక్కులు పంపుతుంది, 120 వేగంలో సెకనుకి 48 అన్నమాట. పయనీర్ డీజేఎమ్ 900 నెక్సస్ 2 లాంటి పెద్ద మిక్సర్లకి వెనక మిడి అవుట్ సాకెట్ ఉంటుంది. అక్కడి నుంచి శాంప్లర్‌లోకి ఒక వైరు వేసి, శాంప్లర్‌లో క్లాక్‌ని "బయటి నుంచి" అని మారిస్తే సరి. ఎస్పీ 404 మార్క్ 2కి సాకెట్ చిన్నది, ఇయర్‌ఫోన్ పిన్ను సైజు, కాబట్టి మధ్యలో అడాప్టర్ కావాలి. ఆ అడాప్టర్లలో టైప్ ఏ, టైప్ బీ అని రెండు రకాలున్నాయి, దీనికి పనికొచ్చేది టైప్ ఏ. ఈ పద్ధతిలో పెత్తనం ఒక్కడిదే. మా పక్కనున్న పెనకచర్ల డ్యాం లాంటిది ఇది. నీళ్ళు వదిలేది అక్కడ, కాలువలన్నీ దాన్ని బట్టే పారాలి.

రెండోది ప్రో డీజే లింక్. పయనీర్ ప్లేయర్లని నెట్‌వర్క్ కేబుల్‌తో కలిపితే, అవి వేగంతో పాటు ఆవర్తంలో ఎన్నో దెబ్బ మీద ఉన్నామో కూడా ఒకదానికొకటి చెప్పుకుంటాయి. ఒక్కో ప్లేయర్ మీద మాస్టర్ అని బటన్ ఉంటుంది. అది ఎవరిది వెలిగితే మిగతావాళ్ళు వాళ్ళ వెనక నడుస్తారు. 2016లో వచ్చిన టొరాయిజ్ ఎస్పీ 16, ఆ తర్వాత వచ్చిన డీజేఎస్ 1000 అనే శాంప్లర్లు ఈ కేబుల్‌తోనే ప్లేయర్ల సరసన కూర్చుంటాయి. సులువైన పద్ధతే, కానీ ఆ కుటుంబంలో పుట్టినవాటికే ఆ పంక్తిలో విస్తరి వేస్తారు. ఆ ప్లేయర్లు మన పల్లె డీజేల దగ్గర కనపడటం కూడా అరుదు. ఇక్కడ ఎక్కువగా నడిచేది లాప్‌టాప్, దానికి తగిలించిన చిన్న కంట్రోలర్.

మూడోది ఏబుల్‌టన్ లింక్, ఇది కూడా 2016దే. ఒకే వైఫైలో ఉన్న యంత్రాలు, ఫోన్లు, లాప్‌టాప్‌లు అన్నీ ఒకే వేగం, ఒకే ఆవర్తం పంచుకుంటాయి. ఇందులో మాస్టర్ ఉండడు. ఎవరు వేగం మారిస్తే అందరిదీ మారుతుంది. మధ్యలో ఒకరు వెళ్ళిపోయినా మిగతావాళ్ళ తాళం తప్పదు. సెరాటో, ట్రాక్టర్ లాంటి డీజే సాఫ్ట్‌వేర్లకి ఇది తెలుసు, ఎంపీసీలకి తెలుసు, ఫోన్‌లో దొరికే ఎన్నో సంగీతం యాప్‌లకి కూడా తెలుసు. లాప్‌టాప్ డీజేకి ఇదే అందుబాటులో ఉన్న దారి. ఒకరి ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేస్తే చాలు.

ఇంతవరకు చదివి "సరే, శాంప్లర్ డీజేతో కలిసింది, బాగుంది" అని ఆగిపోవచ్చు. చాలామంది అక్కడే ఆగిపోతారు. నా పేచీ అక్కడే మొదలవుతుంది.

ఎందుకంటే ఈ అమరికలన్నిట్లో మనం అలవాటుగా పాటని మాస్టర్ చేస్తాం. పాట 120లో ఉంటే శాంప్లర్ 120, మిక్సర్ 120. ఇక తప్పెట కొట్టే మనిషి కూడా చచ్చినట్టు 120. మా ఊరి వైపు తప్పెట కొట్టే ఒక పెద్దాయన్ని "తాతా, మీరూ డీజేతో కలిపి కొట్టొచ్చు గదా?" అని అడిగినా. ఆయన నవ్వి అన్నాడు: "పెట్టెకు సెవులు యాడుండాయి నాయనా? మేం దాని ఎనకాల పోవాల్సిందే గానీ, అది మా ఎనకాల వస్తాదా?"

మనం చదువుకునే కంట్రోల్ సిస్టమ్స్ అంతా ఆ రెండు వాక్యాల్లో ఉంది. డీజే సెట్ ఒక ఓపెన్ లూప్. బయట ఏం జరుగుతున్నా దానికి తెలియదు. తప్పెట బృందం క్లోజ్డ్ లూప్. ఎదురుగా ఉన్న మనిషి కాళ్ళు చూస్తుంది, అలసట చూస్తుంది, వేగం దించుతుంది, మళ్ళీ ఎక్కిస్తుంది. గుడి ముందర ఒక నడక, నడి వీధిలో ఇంకో నడక, నీళ్ళ దగ్గరికి చేరేసరికి ఉరవడి. మా జిల్లాకే పేరు తెచ్చిన ఉరుముల వాళ్ళని చూడండి, చెక్కభజన చూడండి. చెక్కభజనలో గురువు తాళం పట్టుకొని గతి మారిస్తే, చుట్టూ ఉన్నవాళ్ళ కాళ్ళు ఆ క్షణంలోనే మారిపోతాయి. అక్కడ క్లాక్ ఒక మనిషి, ఆ క్లాక్‌కి కళ్ళున్నాయి.

కాబట్టి నా వాదన ఇది: సింక్ పెట్టండి, కానీ దిశ మార్చండి. చేయి ముందు, పెట్టె వెనక.

ఇది కుదిరే పనేనా? కుదురుతుంది, ఖర్చు కూడా పెద్దగా లేదు. ఎంపీసీ మీద ట్యాప్ టెంపో అని ఒక బటన్ ఉంటుంది. దాన్ని తాళం ప్రకారం నాలుగు సార్లు తడితే, ఆ తట్టుళ్ళ మధ్య దూరాన్ని బట్టి యంత్రం తన వేగం మార్చుకుంటుంది. లింక్ ఉన్న ఫోన్ యాప్‌లలో కూడా ఇలాంటి ట్యాప్ దొరుకుతుంది. తప్పెట బృందం పక్కన ప్యాడ్స్ వాయించే కుర్రోడు ఒకడు నడుస్తూ, పెద్దాయన చేతిని చూసి తడుతూ ఉంటే, ట్రాలీ మీదున్న లాప్‌టాప్‌లో పాట ఆ వేగానికి సర్దుకుంటుంది. కీ లాక్ వేసి ఉంటే పాట శ్రుతి కూడా మారదు. పెట్టెకి చెవులు పెట్టడమంటే ఇదే. ఆ చెవి ఒక కుర్రోడి బొటనవేలు.

ఇబ్బందులు లేవని చెప్పను. మొదటిది దూరం. శబ్దం సెకనుకి సుమారు 345 మీటర్లు పోతుంది. బాక్సులకి 20 మీటర్ల ముందు తప్పెట ఉంటే, పాట వాళ్ళ చెవికి చేరడానికి దాదాపు 58 మిల్లీసెకన్లు పడుతుంది. 120 వేగంలో ఒక దెబ్బని నాలుగు ముక్కలు చేస్తే ఒక్కో ముక్క 125 మిల్లీసెకన్లు. అంటే దాదాపు సగం ముక్క ఆలస్యం. ఎంత మంచి సింక్ పెట్టినా గాలిలో ఈ ఆలస్యం పోదు. దీనికి మందు సాఫ్ట్‌వేర్‌లో లేదు. తప్పెట్లు బాక్సులకి మూడు నాలుగు మీటర్ల దగ్గర్లో, పక్కన నడవాలి. అలా నడవాలంటే బాక్సుల శబ్దం మనిషి ఓర్చుకునేంత ఉండాలి. ఈ మాట మళ్ళీ ఎత్తుకుంటా.

రెండోది గతి. మిడి క్లాక్‌కి దెబ్బకి 24 టిక్కులని చెప్పాను కదా. చతురశ్రంలో ఒక్కో అక్షరానికి 6 టిక్కులు, తిశ్రంలో 8. రెండూ చక్కగా సరిపోతాయి. ఊరేగింపుల్లో మనల్ని ఎగిరించే తీన్మార్ తిశ్రం ఊపు కాబట్టి ఇబ్బంది లేదు. ఖండంలో 24ని 5తో భాగించాలి, మిశ్రంలో 7తో. నిండు సంఖ్య రాదు. అప్పుడు టిక్కుకీ టిక్కుకీ మధ్య ఎక్కడ కొట్టాలో శాంప్లర్ సొంతంగా లెక్క కట్టుకోవాలి. పైగా క్లాక్‌కి ఆవర్తంలో మొదటి దెబ్బ ఏదో తెలియదు. ఇప్పుడు మొదలుపెట్టు, ఇప్పుడు ఆపు అని మాత్రమే చెప్పగలదు. సమం ఎక్కడో మనిషే చూసి స్టార్ట్ నొక్కాలి. ఆ ఒక్క నొక్కు తప్పితే రాత్రంతా రెండూ ఒకే వేగంలో, వేర్వేరు చోట్ల మోగుతూ ఉంటాయి.

"సింక్ బటన్ నొక్కేవాడు డీజేనే కాదు" అనే వాదన ఒకటుంది. చెవితో కలపడం రాకపోతే కళ ఎందుకని. చెవితో కలపడం నేర్చుకోవాల్సిందే, అందులో సందేహం లేదు. కానీ రెండు చేతులూ వేగం సరిచేయడంలోనే ఇరుక్కుపోతే, ఎదురుగా ఉన్న తప్పెట వినేదెవరు? ఆ పని యంత్రానికి అప్పజెప్పి చెవులు ఖాళీ చేసుకోవడంలో తప్పు లేదు. ఖాళీ అయిన చెవులతో ఎవర్ని వింటున్నాడన్న దాన్ని బట్టి నేను డీజేని కొలుస్తాను.

ఇంకో వాదన ఇంతకంటే ప్రమాదకరం. "ఇంత తిప్పలెందుకు బ్రో, తప్పెటని ఒకసారి శాంపిల్ చేసుకుంటే అయిపోతుంది కదా, మళ్ళీ పిలవక్కర్లేదు" అని హాస్టల్లో చాలామంది అనగా విన్నాను. శాంప్లర్ చేతికొచ్చిన ఎవరికైనా వచ్చే ఆలోచనే ఇది. ఒక చేతి దెబ్బని ఎనిమిది సెకన్లు పట్టుకొని పదేళ్ళు తిప్పుకోవచ్చు. కానీ ఆ చేయి ఒక మనిషిది. తరతరాలుగా ఈ వాయిద్యాన్ని బతికించింది ఎక్కువగా దళిత కుటుంబాలు. పండక్కీ చావుకీ పిలిచి వాయించుకున్న ఊరు, వాళ్ళకి కూలీ ఇచ్చినప్పుడు కళాకారుడన్న పేరు ఇవ్వలేదు. ఇప్పుడు శబ్దం మాత్రం ఉంచుకొని ఆ కూలీ కూడా ఆపేస్తే దాన్ని టెక్నాలజీ అనకూడదు. చట్టం కూడా వాళ్ళ వైపే ఉంది. మన కాపీరైట్ చట్టం ప్రకారం వాయించేవాడికి తన వాయింపు మీద హక్కుంది, అనుమతి లేకుండా రికార్డు చేయడం ఆ హక్కుని కాదనడమే. 2012 సవరణ ఆ వాయింపుని తన పేరుతో గుర్తించమని అడిగే హక్కు కూడా ఇచ్చింది. శాంపిల్ చేయండి, వద్దనను. అడిగి చేయండి, డబ్బులిచ్చి చేయండి, ఫైలుకి ఆయన పేరు పెట్టండి. "దప్పు 01" అని పెట్టి చేతులు దులుపుకోవద్దు.

ఇక శబ్దం మాట. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు, నివాస ప్రాంతాల్లో పగలు హద్దు 55 డెసిబెల్స్. 2024 అక్టోబరులో హైదరాబాద్ సిటీ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజే సెట్లనే నిషేధించారు. ముసలివాళ్ళు, పసిపిల్లలు ఉన్న ఇంటి ముందు కిటికీలు వణికేలా బాస్ పెట్టాక ఎవరైనా అదే చేస్తారు. కానీ నేను గమనించింది ఒకటుంది. తాళం కలవనప్పుడే వాల్యూమ్ పెరుగుతుంది. పక్కవాడి దెబ్బ మన దెబ్బకి అడ్డం పడుతుంటే దాన్ని ముంచెయ్యాలనిపిస్తుంది. అదే పక్కవాడి దెబ్బ మన దెబ్బ మీదే పడితే తగ్గించి వినాలనిపిస్తుంది. పది తప్పెట్లు చేతితో మోగుతున్నప్పుడు బాక్సులు బాస్ లైను, పాట గొంతు ఇస్తే చాలు. సింక్ బాగుంటే సగం బాక్సులు ఇంటి దగ్గరే వదిలేసి రావచ్చని నా నమ్మకం. అప్పుడు తప్పెట్లు బాక్సుల పక్కనే నడవగలవు, ఇందాకటి 58 మిల్లీసెకన్ల చిక్కు కూడా పోతుంది. చందాల్లో మిగిలిన డబ్బు రెండో పక్షానికి సరిపోతుంది.

మన దగ్గర ఈసీఈ వాళ్ళున్నారు, సీఎస్ఈ వాళ్ళున్నారు, కల్చరల్ క్లబ్‌కి స్పీకర్లూ మిక్సరూ ఉన్నాయి. ఈసారి కాలేజీ ఫెస్ట్‌లో ఒక్క గంట ఇవ్వండి చాలు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఒక తప్పెట బృందాన్ని సరైన పారితోషికంతో పిలుద్దాం. పోస్టర్ మీద డీజే పేరు పక్కన, అదే సైజులో వాళ్ళ పేర్లు వేద్దాం. ఒక లాప్‌టాప్, ఒక శాంప్లర్, ఒక హాట్‌స్పాట్. ట్యాప్ చేసే వేలు మనది, తాళం వాళ్ళది. ఎక్కడ తప్పిందో, ఎన్ని మిల్లీసెకన్లు తప్పిందో రాసుకుందాం. దప్పు దెబ్బని మైకుతో విని వేగాన్ని తనే పట్టుకునే చిన్న ప్రోగ్రాం ఎవరైనా రాయగలిగితే, ఫైనలియర్ ప్రాజెక్టుకి అంతకంటే మంచి టాపిక్ నాకైతే తోచడం లేదు. అటెండెన్స్ సిస్టమ్‌లు ఇప్పటికే చాలా ఉన్నాయి.

చవితికి ఇంటికెళ్ళినప్పుడు మీ ఊరి కమిటీలో మీరూ కూర్చుంటారు. "డీజేనా, తప్పెటా" అని ఎవరో మొదలుపెడతారు. అప్పుడు "రెండూ, కానీ తప్పెట ముందు" అనండి. ఎట్లా అని అడిగితే చెప్పడానికి ఇప్పుడు మీ దగ్గర మూడు దారులున్నాయి.